పొర కట్టడానికి ఒక్క అణువు చాలు, బతకడానికి ఎందుకు చాలదు?

కణత్వచాల గురించి ఎప్పుడు చదివినా నా ఆలోచన ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే ఒకే ఒక్క రకం కొవ్వు అణువును శుద్ధి చేసి నీటిలో వేసి కదిపితే చాలు, ఏ ఎంజైమ్ సాయమూ, ఏ శక్తి ఖర్చూ లేకుండా, ఆ అణువులు వాటంతట అవే రెండు వరుసల పొరగా అమరి, అంచులు కలుపుకుని, లోపల కొంత నీటిని బంధించిన సూక్ష్మమైన సంచులుగా మారిపోతాయి. ఇంగ్లండులోని బాబ్రహాంలో పనిచేసిన అలెక్ బాంగమ్, ఆయన సహచరులు 1960ల తొలి సంవత్సరాల్లో ఈ సంచులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశారు; అవి జీవకణాల పొరల మాదిరిగానే అయాన్లను లోపల నిలిపి ఉంచగలవని 1965లో చూపించారు. నేడు మందులను మోసుకుపోయే లైపోసోములన్నీ వాటి వారసులే. అంటే, లోపలికీ బయటికీ మధ్య ఒక హద్దు గీయడమే పొర పని అయితే, అందుకు ఒక్క రకం అణువు చాలు. అయినప్పటికీ మన శరీరంలోని ఏ కణాన్ని తీసుకుని అందులోని కొవ్వులను అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరుతో వేరు చేసి చూసినా, వందలు దాటి వేల రకాల వరకు అణువులు లెక్కకు వస్తాయి. వాటిని తయారు చేయడానికి కణం తన జన్యువుల్లో దాదాపు 5 శాతాన్ని వినియోగిస్తుందని ఒక అంచనా ఉంది. పొదుపుకు పేరుపడ్డ ప్రకృతి ఇంత ఖర్చు ఎందుకు పెడుతున్నట్టు?

ఈ ప్రశ్న మనకు తట్టకుండా చేసినవి పాఠ్యపుస్తకాల బొమ్మలేనని నా అభిప్రాయం. గుండ్రని తల, దానికి వేలాడే రెండు తోకలు, అలాంటివి వందలకొద్దీ ఒకే అచ్చులో పోసినట్టు రెండు బారులు, మధ్య మధ్య రంగురంగుల ప్రోటీన్లు. చూసేవారి కన్ను సహజంగానే ప్రోటీన్ల మీదికి పోతుంది. కొవ్వులు నేపథ్యంగా మిగిలిపోతాయి. ఆ బొమ్మలో అన్నిటికన్నా పెద్ద లోపం, అది కదలదు.

ముందు ఆ అమరిక ఎలా సాధ్యమవుతుందో చూడాలి. ఫాస్ఫాటిడైల్‌కోలిన్ వంటి ఫాస్ఫోలిపిడ్ అణువుకు వెన్నెముక గ్లిసరాల్. దానికి ఒక వైపు ఫాస్ఫేటుతో కూడిన, నీటితో కలిసిపోయే తల, మరో వైపు నీటితో ఏ పొత్తూ లేని రెండు కొవ్వు ఆమ్లాల తోకలు ఉంటాయి. తోకలు ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించుకోవడం వల్ల పొర నిలుస్తుందని చాలామంది అనుకుంటారు గాని, ఆ ఆకర్షణ బలహీనమైనది. అసలు కారణం నీటిలో ఉంది. నీటి అణువులు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు పెట్టుకుంటూ, వాటిని పికోసెకన్ల వ్యవధిలో తెంపుకుంటూ, కొత్త పొరుగువారితో మళ్ళీ కట్టుకుంటూ ఉంటాయి. వాటి మధ్య ఒక హైడ్రోకార్బన్ గొలుసు వచ్చి పడితే, దాని చుట్టూ ఉన్న నీటి అణువులకు బంధం పెట్టుకునే దిశలు తగ్గిపోతాయి. అవి ఆ గొలుసు చుట్టూ ఒక క్రమంలో నిలబడవలసి వస్తుంది, అంటే వాటి ఎంట్రోపీ, అనగా అక్రమానికి కొలత, తగ్గుతుంది. తోకలన్నీ ఒకచోట చేరి నీటికి కనపడకుండా దాక్కుంటే, అలా కట్టుబడిపోయిన నీటి అణువులకు విడుదల దొరుకుతుంది. కనుక, పైకి ఎంతో క్రమబద్ధంగా కనిపించే పొర, మొత్తం వ్యవస్థ లెక్కలో చూస్తే అక్రమం పెరగడం వల్లనే ఏర్పడుతోంది. ఉష్ణగతిక శాస్త్రం ఇచ్చే సమాధానాల్లో నాకు ఇంతగా నచ్చినది మరొకటి లేదు.

ఈ ఒక్క సంగతి నుంచి పొర స్వభావమంతా రాబట్టవచ్చు. పక్కపక్కన ఉన్న రెండు కొవ్వు అణువుల మధ్య సమయోజనీయ బంధం ఏదీ లేదు కాబట్టి అవి ఒకచోట స్థిరంగా ఉండనవసరం లేదు. ప్రతి అణువూ సెకనుకు కోటిసార్ల వరకు పొరుగు అణువుతో చోటు మార్చుకుంటుంది, ఒక బాక్టీరియా ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు ఒక సెకనులో చేరుకోగలదు. పొరకు చిల్లు పడితే ఆ అంచు దగ్గర తోకలు నీటికి బయటపడతాయి, అది నీటికి గిట్టదు, అందుచేత చిన్న చిల్లు తనంతట తానే పూడుకుపోతుంది. మధ్యలో ఉన్న సుమారు 3 నానోమీటర్ల మందం గల హైడ్రోకార్బన్ ప్రాంతంలో ఆవేశానికి చోటు లేదు కాబట్టి సోడియం, పొటాషియం వంటి అయాన్లు దాన్ని దాటడం దాదాపు అసాధ్యం. కేవలం కొవ్వులతో చేసిన పొరలో నీటి అణువు దాటే వేగంతో పోలిస్తే సోడియం వేగం నూరు కోట్ల రెట్లకు పైగా తక్కువ. నాడులు పనిచేయడానికీ, మైటోకాండ్రియాలో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు తయారవడానికీ ఆధారం ఈ అభేద్యతే.

పొర రెండు వరుసల మందమని తెలిసిన తీరు కొంచెం విస్తరించి చెప్పదగినది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంగ్లండులో ఉన్న రోజుల్లో క్లాపం దగ్గరి ఒక చెరువు మీద చెంచాడు నూనె పోసి, అది సుమారు అర ఎకరం మేర పరుచుకుని అలలను అణచివేయడం చూసి, ఆ సంగతిని 1774లో ప్రచురించాడు. ఆయన మందం లెక్కించలేదు. మనం లెక్కిస్తే, చెంచాడు అంటే ఇంచుమించు 5 ఘన సెంటీమీటర్లు, అర ఎకరం అంటే సుమారు 2000 చదరపు మీటర్లు, ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే వచ్చేది దాదాపు రెండున్నర నానోమీటర్లు, అంటే ఒక్క అణువు పొడవు. అణువులు నిజంగా ఉన్నాయా అని రసాయన శాస్త్రజ్ఞులు వాదించుకోవడానికి చాలా ముందే, ఒక అణువు పొడవు ఎంతో తెలిపే కొలత ఆ చెరువు మీద తేలియాడింది. ఆ తరువాత ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1917లో, నీటి మీద పరచిన కొవ్వు ఆమ్లాల పలుచని పొరను కదిలే అడ్డుపట్టీతో నొక్కుతూ ఒక్కొక్క అణువు ఆక్రమించే వైశాల్యాన్ని కొలిచే పద్ధతిని పక్కాగా స్థిరపరిచాడు.

ఆ పద్ధతినే లైడెన్‌లో ఎవర్ట్ గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాలకు ప్రయోగించారు. క్షీరదాల ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, లోపలి పొరలు ఉండవు, కనుక అందులోని కొవ్వంతా బయటి పొరదే అనుకోవచ్చు. మనిషి, కుక్క, గొర్రె, కుందేలు వంటి జీవుల రక్తం నుంచి ఎసిటోన్‌తో కొవ్వును తీసి నీటి మీద పరిచినప్పుడు, అది ఆక్రమించిన వైశాల్యం ఆ కణాల ఉపరితలానికి రెట్టింపుగా తేలింది. కాబట్టి కణం చుట్టూ కొవ్వు రెండు అణువుల మందాన ఉందని 1925లో ప్రకటించారు. ముగింపు సరైనదే, కొలతలు మాత్రం రెండూ తప్పు. ఎసిటోన్ కొవ్వునంతటినీ బయటికి తీయలేదు. కణాల ఉపరితలాన్ని వారు ఎండిన కణాలను బట్టి లెక్కకట్టినందువల్ల అదీ తక్కువగానే వచ్చింది. రెండు తప్పులూ ఒకే దిశలో, ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉండటంతో నిష్పత్తిలో ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. దీన్ని అదృష్టం అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. ఏ కణాన్ని ఎంచుకోవాలి, ఏ రెండు రాశులను పోల్చాలి అన్న ఎంపికలోనే ఆ ప్రయోగం గొప్పతనమంతా ఉంది; పరికరాలు మెరుగుపడిన తరువాత ఎవరు కొలిచినా సరిదిద్దగలిగేవి మిగతావి.

ఇక తోకల సంగతి. కొవ్వు ఆమ్లం అంటే ఒక చివర కార్బాక్సిల్ సమూహం ఉన్న పొడవైన హైడ్రోకార్బన్ గొలుసు. కణం దీన్ని రెండేసి కార్బన్ల చొప్పున పెంచుకుంటూ పోతుంది. ఒక అసిటైల్ తునకతో మొదలుపెట్టి, ఏడు విడతలుగా మెలోనైల్ కోఎంజైమ్-ఏ అనే అణువు నుంచి రెండేసి కార్బన్లు చేరుస్తూ, హైడ్రోజన్‌ను అందించే ఎన్ఏడీపీహెచ్ అణువులను 14 ఖర్చు చేసి, 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. మన కొవ్వు ఆమ్లాల్లో సరిసంఖ్య కార్బన్లే ఎక్కువగా కనపడటానికి కారణం ఇదే. విడగొట్టేటప్పుడు కూడా రెండేసి కార్బన్లే ఊడిపోతాయని ఫ్రాంజ్ నూప్ 1904లోనే తేల్చాడు. గొలుసు చివర బెంజీన్ వలయం తగిలించిన కొవ్వు ఆమ్లాలను కుక్కలకు పెట్టి, వాటి మూత్రంలో ఆ వలయం ఏ రూపంలో బయటికి వచ్చిందో చూశాడు; గొలుసులో బేసి సంఖ్య కార్బన్లు ఉంటే ఒక పదార్థం, సరిసంఖ్య ఉంటే మరొక పదార్థం మిగిలాయి. రేడియోధార్మిక ఐసోటోపులు అందుబాటులో లేని కాలంలో ఒక అణువుకు గుర్తు పెట్టి వెంబడించాలంటే ఇంతకన్నా తెలివైన దారి ఉండేది కాదు.

పొర విషయంలో గొలుసు పొడవు కన్నా దాని వంపు ముఖ్యం. 18 కార్బన్లు ఉండి ఒక్క ద్విబంధం కూడా లేని స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. అవే 18 కార్బన్లతో, 9వ, 10వ కార్బన్ల మధ్య ఒకే ఒక్క సిస్ ద్విబంధం (గొలుసును వంచే రకం) ఉన్న ఓలియిక్ ఆమ్లం 13 డిగ్రీలకే కరిగిపోతుంది. రెండు ద్విబంధాలున్న లినోలియిక్ ఆమ్లం సున్నాకు 5 డిగ్రీల దిగువన, మూడున్న ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం 11 డిగ్రీల దిగువన కరుగుతాయి. ఈ అంకెల్లో గమనించవలసింది తగ్గుదల తీరు. మొదటి ద్విబంధం 56 డిగ్రీలు దించింది, రెండవది 18, మూడవది 6. నిటారు వెదురు బొంగులను బిగువుగా కట్ట కట్టవచ్చు; ప్రతి బొంగూ నడిమికి వంగి ఉంటే ఆ కట్ట బిగుసుకోదు, ఆపైన ఎన్ని వంపులున్నా వదులులో వచ్చే మార్పు కొద్దిపాటిదే. అదే ద్విబంధం సిస్‌కు బదులు ట్రాన్స్ రూపంలో ఉంటే గొలుసు దాదాపు నిటారుగానే సాగుతుంది. ఓలియిక్ ఆమ్లానికి ట్రాన్స్ జోడీ అయిన ఎలైడిక్ ఆమ్లం కరగాలంటే సుమారు 45 డిగ్రీలు కావాలి. పరమాణువుల సంఖ్య ఒకటే, బంధాల క్రమమూ ఒకటే, ఒక మలుపు దిశ మారితే 30 డిగ్రీల తేడా.

కణం ఈ గుణాన్ని చాలా నేర్పుగా వాడుకుంటుంది. గ్లిసరాల్ మొదటి కార్బన్‌కు సాధారణంగా నిటారు సంతృప్త గొలుసును, రెండవ కార్బన్‌కు వంగిన అసంతృప్త గొలుసును తగిలిస్తుంది. రెండూ పామిటిక్ గొలుసులే అయిన ఫాస్ఫాటిడైల్‌కోలిన్ పొర 41 డిగ్రీల దాకా గట్టిపడిన జెల్ స్థితిలో ఉంటుంది, అంటే మన శరీర ఉష్ణోగ్రత దగ్గర అది గడ్డకట్టినట్టే. ఒకటి పామిటిక్, మరొకటి ఓలియిక్ అయితే ఆ హద్దు సున్నాకు దిగువన 2 డిగ్రీలకు పడిపోతుంది. మన కణాలు రెండవ తరహానే ఎంచుకున్నాయని వేరే చెప్పనవసరం లేదు. కాని ఊపిరితిత్తుల్లో కథ తిరగబడుతుంది. అక్కడి వాయుకోశాల లోపలి తడి మీద పరుచుకునే సర్ఫాక్టెంట్‌లో ప్రధానమైనది రెండు పామిటిక్ గొలుసుల ఫాస్ఫాటిడైల్‌కోలినే. ఊపిరి వదిలినప్పుడు ఆ పొర నలిగి దగ్గరకు చేరి గట్టిపడాలి, అప్పుడే తలతన్యత బాగా తగ్గి వాయుకోశం ముడుచుకుపోకుండా నిలుస్తుంది. అక్కడ గట్టిదనమే ప్రాణాధారం. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల ఊపిరితిత్తుల్లో ఈ పదార్థం కొరవడటమే వారి శ్వాస ఇబ్బందికి మూలమని మేరీ ఎలెన్ ఏవరీ, జెరి మీడ్ 1959లో చూపించారు. ఒకే శరీరం, రెండు చోట్ల, రెండు వ్యతిరేక అవసరాలు: నా ప్రశ్నకు మొదటి సమాధానం ఇక్కడ దొరుకుతుంది.

చలి వేస్తే పొర గట్టిపడుతుంది. శరీర ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుకోలేని జీవులు దీన్ని ఎలా తట్టుకుంటాయి? మైకేల్ సినెన్‌స్కీ 1974లో ఇ. కోలై బాక్టీరియాను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచి, ప్రతి దానిలోనూ పొర ద్రవత్వం ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండేలా అది తన కొవ్వు ఆమ్లాల పాళ్ళను మార్చుకుంటోందని గుర్తించాడు. ఇందులో నన్ను అబ్బురపరిచేది యంత్రాంగం. ఇ. కోలైలో 16 కార్బన్ల అసంతృప్త గొలుసును 18 కార్బన్లకు పొడిగించే ఎంజైమ్ ఒకటి ఉంది. అది చల్లదనంలో మిగతావాటికన్నా మెరుగ్గా పనిచేస్తుంది. చలి తగలగానే ఏ జన్యువునూ మేల్కొలపనవసరం లేదు, కొత్త ప్రోటీన్ తయారు చేసుకోనవసరం లేదు, ఉన్న ఎంజైమే మోతాదు పెంచేస్తుంది. బాసిల్లస్ సబ్టిలిస్ మరో దారి పట్టింది: పొర గట్టిపడినప్పుడు దాని మందం కొద్దిగా పెరుగుతుంది, ఆ పెరుగుదలను పసిగట్టే డెస్‌కే అనే ప్రోటీన్ పొరలోనే కూర్చుని ఉంటుంది, అది సంకేతం పంపితే ఇదివరకే ఉన్న కొవ్వు ఆమ్లాల్లో ద్విబంధాలు పెట్టే ఎంజైమ్ తయారవుతుంది.

ద్విబంధాలు అంత ఉపయోగకరమైతే అన్ని గొలుసులనూ వాటితో నింపేస్తే సరిపోదా? సరిపోదు, ఎందుకంటే రెండు ద్విబంధాల నడుమ చిక్కుకున్న సీహెచ్2 సమూహం నుంచి హైడ్రోజన్‌ను లాగేయడం చాలా సులభం. ఆక్సిజన్, ఇనుము అందుబాటులో ఉంటే అక్కడ గొలుసు చర్య మొదలై, ఒక అణువు నుంచి పక్క అణువుకు అంటుకుంటూ పొర పొడవునా వ్యాపిస్తుంది. విటమిన్ ఇ చేసే ముఖ్యమైన పని ఆ మంటను మధ్యలో తుంచడమే. ఈ నష్టం అదుపు తప్పితే కణం చచ్చిపోతుంది. ఇనుము మీద ఆధారపడిన ఈ రకం మరణానికి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. ఇంత ప్రమాదం ఉన్నప్పటికీ, మన కంటి రెటీనాలోని దండకణాల కాంతిగ్రాహక పొరల్లో ఆరు ద్విబంధాలున్న 22 కార్బన్ల డీహెచ్ఏ కుప్పలుగా ఉంటుంది, అదీ వెలుతురు పడే చోట, ఆక్సిజన్ పుష్కలంగా అందే చోట. కాంతిని పట్టే రోడాప్సిన్ ప్రోటీన్ వేగంగా ఆకారం మార్చుకోవడానికి అలాంటి మెత్తని పరిసరం కావాలి కాబట్టి కణం ఆ ప్రమాదాన్ని మోస్తోంది. పైగా 9వ కార్బన్‌కు అవతల, మిథైల్ చివర వైపు ద్విబంధం పెట్టే ఎంజైములు మనకు లేవు. లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలను ఆహారం నుంచే తెచ్చుకోవాలి. కొవ్వులేని ఆహారం మీద పెంచిన ఎలుకల తోకలు పొలుసులుబారి, అవి ఎదగక పోవడాన్ని చూసి జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు 1929, 1930లలో ఈ సంగతిని లోకానికి తెలిపారు. కొవ్వు అంటే ఇంధనం మాత్రమే అని నమ్మిన ఆ రోజుల్లో దాన్ని ఒప్పుకున్నవారు తక్కువ.

కొలెస్టరాల్ పేరు చెడ్డది, పని గొప్పది. నాలుగు వలయాలు కలిసిపోయిన దాని బిరుసైన శరీరం ఫాస్ఫోలిపిడ్ తోకల నడుమ ఇరుక్కుని, వెచ్చగా ఉన్నప్పుడు వాటి కదలికలను అదుపు చేస్తుంది. చల్లబడినప్పుడు అవే తోకలు ఒద్దికగా పేరుకుని గడ్డకట్టకుండా అడ్డు నిలుస్తుంది. ఒకే అణువు రెండు వైపులా కాపు కాస్తోందన్నమాట. మన కణం బయటి పొరలోని కొవ్వు అణువుల్లో మూడో వంతు పైచిలుకు కొలెస్టరాల్ ఉంటే, అది తయారయ్యే చోటైన అంతర్జీవ ద్రవ్యజాలం (కణం లోపలి పొరల వల) పొరలో 5 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ తక్కువ స్థాయికి ఒక ప్రయోజనం ఉంది: అక్కడ ఏ కొంచెం తగ్గినా స్కాప్ అనే ప్రోటీన్ వెంటనే గుర్తించి, కొలెస్టరాల్ తయారీకి, బయటి నుంచి సేకరణకు కావలసిన జన్యువులను పురికొల్పే ఏర్పాటు చేస్తుంది. నిండుకుండలో చెంబెడు తేడా తెలియదు కాబట్టి కొలతకు అడుగంటిన చోటే అనువు. ఇదే అణువు తయారీకి 11 ఆక్సిజన్ అణువులు కావాలి. భూమి వాతావరణంలో ఆక్సిజన్ చేరక మునుపు ఇది పుట్టడానికి వీలు లేదని కోన్రాడ్ బ్లోక్ వాదించాడు. కొలెస్టరాల్, స్ఫింగోమైలిన్ అనే మరో పొర కొవ్వు కలిసి పొరలో ప్రత్యేక ద్వీపాలుగా ఏర్పడతాయని 1997లో సైమన్స్, ఇకోనెన్ ప్రతిపాదించిన భావన మీద మాత్రం ఇప్పటికీ వాదోపవాదాలు సాగుతున్నాయి. కృత్రిమ పొరల్లో అవి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి, బతికున్న కణాల్లో ఉంటే అవి చాలా చిన్నవి, క్షణికమైనవి. ఆ భావన మీద కట్టిన కొన్ని పెద్ద నిర్ణయాలను నేను కొంత సందేహంతోనే చదువుతాను.

అణువు ఆకారం గురించి క్లుప్తంగా చెబుతాను. తల, తోకల అడ్డుకొలతలు సమానమైతే అణువు స్తంభంలా ఉంటుంది, పొర చదునుగా వస్తుంది. ఫాస్ఫాటిడైల్‌ఇథనాలమైన్‌కు తల చిన్నది, తోకలు విశాలమైనవి. అది పొరను ఒక వైపు వంచుతుంది. ఒక తోక ఊడిన లైసోలిపిడ్ అందుకు ఎదురు దిశలో వంచుతుంది. నాలుగు తోకలున్న కార్డియోలిపిన్ మైటోకాండ్రియా లోపలి పొర మడతల్లో ఉంటుంది. దాని తోకలను సరిచేసే టాఫజిన్ అనే ఎంజైమ్ లోపిస్తే గుండె కండరాన్ని దెబ్బతీసే బార్త్ సిండ్రోమ్ వస్తుంది. ఒక సంచి మరొక పొరతో కలిసిపోవాలన్నా, కణం రెండుగా విడిపోవాలన్నా పొర తీవ్రంగా వంగక తప్పదు కాబట్టి, అన్నీ స్తంభాలే అయిన పొరతో ఆ పనులు సాగవు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది పొర రెండు ముఖాల తేడా. ఫాస్ఫోలిపిడ్ అణువు తన వరుసలో ఎంత స్వేచ్ఛగా తిరుగుతుందో, అవతలి వరుసకు దూకడానికి అంత కష్టపడుతుంది, ఎందుకంటే నీటిని కోరే తలను నూనె వంటి నడిమి ప్రాంతం గుండా లాక్కుపోవాలి. ఆ గెంతుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుందని 1971లో రోజర్ కార్న్‌బర్గ్, హార్డెన్ మెకానెల్ చేసిన కొలతల నుంచి తేలింది. ఆ మరుసటి ఏడాది, సింగర్, నికల్సన్ పొరను ప్రోటీన్లు తేలియాడే ద్రవంగా చూపే తమ ద్రవ చిత్రఫలక నమూనాను ప్రకటించిన 1972లోనే, ఎర్ర రక్తకణం పొర రెండు ముఖాల్లోనూ ఒకే రకం కొవ్వులు లేవని మార్క్ బ్రెచర్ ప్రతిపాదించాడు. వెలుపలి వరుసలో కోలిన్ తలలు, స్ఫింగోమైలిన్, చక్కెర తగిలించిన కొవ్వులు ఉంటాయి. ఇథనాలమైన్ తలలు, రుణావేశమున్న ఫాస్ఫాటిడైల్‌సెరిన్ లోపలి వరుసలో ఉంటాయి. ఫ్లిప్పేజులు అనే ప్రోటీన్లు ఏటీపీని ఖర్చు చేస్తూ, తప్పి వెలుపలికి వచ్చిన ఈ సెరిన్ తల అణువులను పట్టి లోపలికి నెడుతూనే ఉంటాయి. బతికున్నంత కాలం ఆగని ఈ ఖర్చు ఎందుకంటే, సెరిన్ తల వెలుపల కనపడటమే ఒక సందేశం కాబట్టి. కణం తనను తాను చంపుకోవడానికి నిర్ణయించుకున్నప్పుడు ఫ్లిప్పేజులు మూతపడతాయి, కొవ్వులను రెండు వరుసల మధ్య కలగలిపే స్క్రాంబ్లేజులు తెరుచుకుంటాయి, సెరిన్ వెలుపలికి పొంగుతుంది, దాన్ని చూసి మాక్రోఫేజులనే భక్షక కణాలు ఆ కణాన్ని మింగేస్తాయి. గాయమైన చోట రక్త ఫలకికలు ఇదే సెరిన్‌ను బయటపెట్టి, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు కూడటానికి వేదిక ఇస్తాయి. ఫలకికల్లోని స్క్రాంబ్లేజు లోపించినవారికి స్కాట్ సిండ్రోమ్ అనే అరుదైన రక్తస్రావ వ్యాధి వస్తుంది. వీటిలో ఎక్కడా కొత్త అణువు తయారు కాలేదన్నది గమనించాలి. ఉన్న అణువే పక్క మారింది.

పొర కొవ్వులు మరో విధంగా కూడా సందేశాలు మోస్తాయి. పాంక్రియాస్ ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ అందించినప్పుడు ఫాస్ఫోలిపిడ్లలోకి రేడియోధార్మిక ఫాస్ఫరస్ చేరడం ఎక్కువవుతోందని 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ గమనించారు. దాని అర్థం పూర్తిగా విడివడటానికి 30 ఏళ్ళు పట్టింది. లోపలి వరుసలో అతి కొద్ది పాళ్ళలో ఉండే ఫాస్ఫాటిడైల్‌ఇనోసిటాల్ బిస్‌ఫాస్ఫేట్‌ను ఒక ఎంజైమ్ రెండు ముక్కలు చేస్తుంది. తల ఊడి నీటిలోకి పోయి, నిల్వ ఉన్న కాల్షియాన్ని విడిపిస్తుందని 1983లో తేలింది. తోకలు పొరలోనే ఉండి మరొక ఎంజైమ్‌ను మేల్కొలుపుతాయి. అలాగే గ్లిసరాల్ రెండవ కార్బన్ దగ్గర దాచి ఉంచిన 20 కార్బన్ల అరాకిడోనిక్ ఆమ్లాన్ని కోసి తీస్తే, దాని నుంచి నొప్పి, వాపు, జ్వరం కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. ఆస్పిరిన్ పనిచేసేది ఆ తయారీ దారిని మూయడం ద్వారానే అని జాన్ వేన్ 1971లో చూపించాడు. పొర కణానికి హద్దే కాదు, అవసరమైన క్షణంలో వాడుకునే రసాయన నిల్వ కూడా.

ఇంతకీ కనీసం ఎన్ని రకాలు కావాలి? ఈ ప్రశ్నకు ప్రయోగం ద్వారా దొరికిన జవాబును 2024లో డ్రెస్డెన్‌లోని జేమ్స్ సాయెంజ్ బృందం ప్రచురించింది. మైకోప్లాస్మా మైకోయిడిస్ అనే బాక్టీరియాకు కణకవచం లేదు, కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేదు, పెరిగే ద్రవంలో ఏ కొవ్వులు ఇస్తే వాటినే వాడుకుంటుంది. అంటే దాని పొర కూర్పు పరిశోధకుల చేతిలో ఉంటుంది. కొలెస్టరాల్‌తో పాటు, కణం కోసి మార్చుకోలేని విధంగా ఈథర్ బంధాలతో చేసిన ఒకే ఒక్క ఫాస్ఫాటిడైల్‌కోలిన్‌ను మాత్రమే దానికి ఇచ్చి చూశారు. అది బతికింది, విభజన కూడా చెందింది. కాని పెరుగుదల బాగా మందగించింది. తరువాత ఒక్కొక్క లక్షణాన్నీ తిరిగి అందిస్తూ పోయినప్పుడు, తలల్లో వైవిధ్యం కన్నా తోకల్లో వైవిధ్యమే దాని పెరుగుదలకు ఎక్కువ అవసరమని తేలింది. ఆ ప్రయోగంలోని జీవికి లోపలి అవయవాలు లేవు, వెచ్చని ద్రవంలో ఆహారమంతా సిద్ధంగా దొరుకుతుంది, చలిని తట్టుకునే పనిగాని, పక్క కణానికి సెరిన్ తలతో కబురు పెట్టే పనిగాని దానికి లేదు. ఆ సౌకర్యాలన్నీ సమకూర్చినా దానికి రెండు రకాల కొవ్వులు ఇవ్వవలసి వచ్చింది, ఆ రెండింటిలో ఒకటి కొలెస్టరాల్.